సింకు కింద బకెట్టు ఎన్నాళ్లు?

తార్నాక: పెద్ద వంటశాలలో పొయ్యి ఆరిపోతే అందరికీ తెలుస్తుంది. పప్పులో ఉప్పు ఎక్కువైతే క్షణంలో గోల మొదలవుతుంది. గిన్నెలు కడిగే సింకు అడుగున తూము అరిగిపోతే మాత్రం ఎవరికీ పట్టదు. దాని కింద పాత నూనె డబ్బానో, ప్లాస్టిక్ బకెట్టో పెడతారు. నిండినప్పుడు తీసి మోరీలో పోస్తారు. అలా నెలలు గడిచిపోతాయి. బకెట్టు కూడా వంటశాల సామానులో ఒకటైపోతుంది. ఆ తూమును మార్చే పని మహా అయితే రెండు గంటలది. దాన్ని వాయిదా వేసిన కొద్దీ ఎవరెవరి మెడకు చుట్టుకుంటుందో తెలుసుకోవాలంటే తార్నాక చౌరస్తా, ఉస్మానియా యూనివర్శిటీ పరిసరాలకు మించిన చోటు లేదు.

ఇక్కడ వండేవారూ ఎక్కువే, తినేవారూ ఎక్కువే. సికిందరాబాదు నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో మెట్టుగూడ దాటితే తార్నాక. నిజాం కాలంలో ఇక్కడ తోట చుట్టూ ముళ్లతీగ కంచె, కాపలా నాకా ఉండేవనీ, 'తార్' అంటే తీగ, 'నాకా' అంటే కాపలా చౌకీ కనుక ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. ఇప్పుడు కంచె లేదు. 2017 నవంబరు నుంచి నెత్తి మీదుగా మెట్రో రైలు పోతున్నది. కింద రోడ్డుకు రెండు వైపులా టిఫిన్ సెంటర్లు, బిర్యానీ హోటళ్లు, కర్రీ పాయింట్లు, ప్రైవేటు హాస్టళ్ల మెస్సులు. పక్కనే ఆర్టీసీ ఆసుపత్రి, జాతీయ పోషకాహార సంస్థ, కొంచెం ముందుకు పోతే హబ్సిగూడ. జిల్లాల నుంచి పరీక్షలకు, కోచింగులకు, ఆసుపత్రి పనులకు వచ్చినవారిలో ఇక్కడ ఒక పూటైనా తినకుండా తిరిగి వెళ్లేవారు తక్కువ.

దక్షిణం వైపు ఉస్మానియా యూనివర్శిటీ. 1918లో స్థాపించారు. వెయ్యి ఎకరాలకు పైబడిన ఆవరణ. ఊరి నుంచి వచ్చినవారు మొదట చూడాలనుకునే ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. అక్కడ నిలబడి ఫోటో తీయించుకోనివారుండరు. ఆ రాతి భవనానికి దక్కే చూపులో నూరోవంతు కూడా హాస్టలు మెస్సుల వెనక వైపుకు దక్కదు. మన పిల్లలు ఏళ్ల తరబడి తినేది మాత్రం ఆ వెనక వైపు కడిగిన కంచాల్లోనే.

తూము అంటే ఏమిటి?

చెరువు తూము అందరికీ తెలిసిందే. సింకుకు కూడా అలాంటిదే ఒకటి ఉంటుంది. దుకాణంలో దాన్ని 'వేస్ట్ కప్లింగ్' అంటారు. ఉత్తగా 'కప్లింగ్' అన్నా ఇస్తారు. చూడడానికి పొట్టి గొట్టం. పైన పళ్లెంలాంటి అంచు, దానికి జల్లెడలాంటి జాలీ. ఆ అంచు సింకు రంధ్రం మీద కూర్చుంటుంది. గొట్టానికి బయట మరలు ఉంటాయి. సింకు అడుగు నుంచి రబ్బరు వాషరు తొడిగి, చెక్‌నట్టు బిగిస్తే సింకు రేకు ఆ రెండింటి నడుమ నొక్కుకుపోయి నీరు కారదు. దానికింద వంపు తిరిగిన ట్రాపు, ఆ తర్వాత మోరీకి పోయే పైపు. మొత్తం సరంజామా ఇంతే. ఇందులో అరిగేవి మూడు: పైనున్న అంచు, నడుమ వాషరు, కిందున్న మరలు.

ఇంట్లో సింకు కప్లింగు పది, పదిహేనేళ్లు కూడా ఉంటుంది. మెస్సులో ఉండదు. కారణం ఒకటి కాదు. ఇంట్లో రోజుకు పది గిన్నెలు కడిగితే అక్కడ వందల కంచాలు, వాటితో పాటు ఇద్దరు మోస్తే గాని లేవని డేగిశాలు కడుగుతారు. ఆ డేగిశా అడుగు ప్రతిసారీ సరిగ్గా జాలీ మీదనే దిగుతుంది. కొన్నాళ్లకు జాలీ పుల్లలు విరుగుతాయి. విరిగిన జాలీలోంచి అన్నం, మిరపకాయ తొడిమలు, నిమ్మచెక్కలు, బొమికలు నేరుగా లోపలికి పోతాయి. పైపు పూడుకుంటుంది. పూడిక తీయడానికి ఇనప చువ్వ పెట్టి పొడుస్తారు. ఆ పోటుకు కప్లింగు వదులవుతుంది. వదులైన కప్లింగు ఊగుతూ రబ్బరు వాషరును నమిలేస్తుంది. అక్కడి నుంచి చుక్క మొదలవుతుంది.

సెకనుకు ఒక్క చుక్క కారితే రోజు తిరిగేసరికి దాదాపు 4 లీటర్లు. ఇది శుభ్రమైన నీరు కాదు. నూనె, సబ్బు, ఎంగిలి కలిసిన నీరు.

రెండో శత్రువు వేడి. పెద్ద వంటశాలల్లో గంజి వార్చే అలవాటు ఇంకా చాలా చోట్ల ఉంది. సలసల మరిగే గంజిని తిన్నగా సింకులో వంపుతారు. సింకు కింద తెల్లని పీవీసీ గొట్టం ఉంటే దాని పని అయిపోయినట్లే. పీవీసీ 75, 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. గంజి అంతకన్నా వేడి. రోజూ మెత్తబడి, రోజూ గట్టిపడుతూ పైపు నడుములో కుంగుతుంది. కుంగిన చోట నీరు నిలుస్తుంది. నిలిచిన చోట గంజి పేరుకుని మైనంలా అతుక్కుంటుంది. ముడతలు ముడతలుగా వంగే గొట్టాలు వాడితే మరీ అన్యాయం. ప్రతి ముడతా ఒక గోతి. ఇంట్లో చేతులు కడుక్కునే బేసినుకు సరిపోయే సరుకును తెచ్చి రెండు వందల మంది తినే మెస్సుకు బిగించడం చవక బేరం అనిపిస్తుంది గాని, ఆర్నెల్లలో అదే పని మళ్లీ చేయాలి.

మూడోది యాసిడ్. దీని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. సింకు నీరు మెల్లగా పోతుంటే చాలామంది బాత్రూములు కడిగే యాసిడ్ సీసా బోర్లిస్తారు. ఆ యాసిడ్ నూనె జిడ్డును కరిగించదు. ఇత్తడిలోని జింకును మాత్రం తినేస్తుంది. పైనున్న క్రోమియం పూత లేచిపోతుంది. 'తుప్పు పట్టని స్టీలు' అని మనం నమ్మే స్టెయిన్‌లెస్ స్టీలును సైతం అది చిల్లులు పొడుస్తుంది. సింకు అడుగున సూది మొనంత నల్లచుక్కలు కనబడితే అవి చాలావరకు యాసిడ్, ఉప్పు చేసిన పనే. పైగా యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ నీళ్లు తగిలితే క్లోరిన్ వాయువు లేస్తుంది. మూసి ఉన్న వంటగదిలో అది ఊపిరితిత్తులను కాల్చగలదు. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టుకుని పనిచేసే వంటశాలలు తక్కువేమీ లేవు.

ఎవరి కాళ్లు నానుతున్నాయి?

మెస్సులో గిన్నెలు తోమే పని చాలావరకు ఆడవాళ్లది. చాలామంది పల్లెల నుంచి వలస వచ్చినవాళ్లే. తూము కారే సింకు దగ్గర నిలబడే మనిషి పాదాలు ఆరే సమయం ఉండదు. పొద్దున టిఫిన్ ప్లేట్లు, మధ్యాహ్నం కంచాలు, రాత్రి మళ్లీ కంచాలు. వేళ్ల సందులు ఒరుసుకుపోతాయి. వరినాట్ల కాలంలో మన ఆడవాళ్లకు పట్టే పాచి ఇదే. పొలంలో అది నెల రోజులు. ఇక్కడ ఏడాది పొడవునా. దానికి తోడు నాపరాయి మీద జిడ్డు నీరు. చేతిలో బరువైన పాత్రతో ఒక్క అడుగు జారితే తుంటి విరుగుతుంది. కొత్త కప్లింగు ఖరీదు వందల రూపాయల్లో ఉంటుంది. విరిగిన ఎముక ఖర్చు ఎంతో ఆసుపత్రికి వెళ్లి వచ్చినవారికి తెలుసు.

తినేవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. కారే తూము కింద బొద్దింకలకు మూడు పూటలా విందు. రాత్రి దీపం ఆర్పాక అవి మోరీ నుంచి బయటికి వచ్చి, కడిగి బోర్లించిన గిన్నెల మీద తిరుగుతాయి. ఆహార భద్రత చట్టం 2006లో వచ్చింది, 2011 నుంచి అమల్లో ఉంది. దాని నిబంధనల్లో నాలుగో షెడ్యూలు వంటశాల ఎలా ఉండాలో చెబుతుంది. మురుగు నిలవకూడదు, మోరీల నుంచి పురుగులు, ఎలుకలు లోపలికి రాకూడదు అన్నది అందులోని మాటే. తనిఖీకి వచ్చిన అధికారి మొదట సింకు కిందికి వంగి చూస్తే ఆ వంటశాల గురించి సగం సంగతి తెలిసిపోతుంది. బకెట్టు ఉందంటే చాలు.

పని రాత్రి పూట

నడిచే వంటశాలలో ఈ పని పగలు కుదరదు. టిఫిన్ అయ్యీ అవకముందే అన్నం ఎక్కాలి. కనుక రాత్రి భోజనాలు ముగిసి, ఆఖరి డేగిశా కడిగాక ప్లంబరు సంచి విప్పుతాడు. తెల్లవారుజామున ఇడ్లీ పిండి కలిపేవారు వచ్చేలోగా ముగించాలి. వేసవి సెలవులో, దసరాకు హాస్టలు ఖాళీ అయినప్పుడో పెట్టుకుంటే ఇంకా నయం. సామాను మాత్రం ముందుగానే తెచ్చి ఉంచుకోవాలి. సికిందరాబాదు రాణిగంజ్‌లో పైపులు, వాల్వులు, రబ్బరు సరుకు అమ్మే కొట్లు వరసగా ఉన్నాయి. అక్కడికి పాత కప్లింగు పట్టుకుపోతే మేలు. అది వీలు కాకపోతే సింకు రంధ్రం కొలత కాగితం మీద గీసుకుపోవాలి. కంటి అంచనాతో తెచ్చింది సరిపోక, అర్ధరాత్రి కొట్లు మూసిన వేళ తెల్లమొహం వేసేవారు ఉన్నారు.

మొదట నల్లా కట్టేస్తారు. కింద టబ్బు పెట్టి ట్రాపు విప్పుతారు. అందులోంచి వచ్చే సరుకు వాసన వర్ణించకపోవడమే మంచిది. తర్వాత చెక్‌నట్టు. ఇదే అసలు కుస్తీ. ఏళ్ల తరబడి జిడ్డు, తుప్పు పట్టి అది కప్లింగుతో ఒకటైపోయి ఉంటుంది. పానాతో తిప్పితే నట్టుతో పాటు మొత్తం గొట్టం తిరుగుతుంది. అందుకే ఇద్దరు కావాలి. పైనుంచి ఒకరు జాలీ సందుల్లో పక్కడు పిడులు దూర్చి కదలకుండా పట్టుకోవాలి. కింద వెల్లకిలా పడుకున్నవాడు పైపు పానాతో తిప్పాలి. రాకపోతే మరల మీద కిరోసినో, తుప్పు వదిలించే నూనో చల్లి అరగంట టీ తాగి రావాలి. తొందరపడి సుత్తితో కొడితే సింకు రేకు సొట్టపోతుంది. సొట్టపోయిన రేకు మీద ఏ వాషరూ కూర్చోదు. అప్పటికీ రాకుంటే హాక్సా బ్లేడుతో నట్టును నిలువుగా కోసి ఉలితో విప్పడమే. బ్లేడు సింకు అడుగును తాకకుండా చూసుకోవడంలోనే పనితనం బయటపడుతుంది.

పాతది ఊడాక రంధ్రం చుట్టూ నల్లటి వలయం కనబడుతుంది. పాత పుట్టీ, జిడ్డు, తుప్పు. దాన్ని చెక్కముక్కతోనో, ప్లాస్టిక్ గరిటెతోనో గోకాలి. ఇనప పీచుతో రుద్దకూడదు. ఆ పీచు ముక్కలు స్టీలులో ఇరుక్కుని మళ్లీ తుప్పుకు విత్తనమవుతాయి. ఆ తర్వాత కింద నుంచి టార్చిలైటు వేసి చూడాలి. రంధ్రం అంచున వెలుగు చుక్కలుగా కనిపిస్తే రేకు చిల్లులు పడినట్టే. కప్లింగు మార్చి ప్రయోజనం లేదు. సింకుకే అతుకు పెట్టించాలి, లేదా కొత్తది వేయించాలి. చాలా చోట్ల ఈ పరీక్ష చేయరు. కొత్త కప్లింగు బిగించి, డబ్బు తీసుకుని వెళ్లిపోతారు. వారం తిరగకుండా బకెట్టు మళ్లీ తన స్థానానికి వస్తుంది.

రంధ్రం బాగుంటే కొత్త కప్లింగు అంచు కింద పుట్టీని పాములా చుట్టి కూర్చోబెడతారు. సిలికాన్ జిగురు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది గాని, అది పూర్తిగా ఆరడానికి ఒక రోజంతా కావాలి. పొద్దున్నే సింకు కావలసిన చోట పుట్టీ, మంచి రబ్బరు వాషరే దిక్కు. సెలవుల్లో అయితే సిలికాను. కింద రబ్బరు వాషరు, దాని కింద జారుడు వాషరు, ఆపైన నట్టు. చేత్తో తిరిగినంత తిప్పి, ఆ తర్వాత పానాతో ఒక అర చుట్టు. అంతకు మించి బలం చూపించాల్సిన పని లేదు. ఎక్కువ బిగిస్తే రబ్బరు పక్కలకు పిసుక్కుని బయటికి వచ్చేస్తుంది. 'గట్టిగా బిగించాను సార్' అని చెప్పుకునే బిగింపే చాలాసార్లు కారుడుకు మూలం.

పరీక్ష తేలిక. సింకు నిండా నీరు పట్టి పావుగంట ఉంచాలి. కింద నేలంతా ఆరబెట్టి పాత దినపత్రిక పరచాలి. చుక్క పడితే కాగితం మీద మచ్చ దాగదు. తర్వాత నీటిని ఒక్కసారిగా వదలాలి. నిలిచిన నీటికి కారని అతుకు వడికి కారవచ్చు. రెండు పరీక్షలూ నెగ్గితేనే కూలీ ఇవ్వాలి.

పైపు సైజు విషయంలో పిసినారితనం పనికిరాదు. ఒకటిన్నర అంగుళాల గొట్టం కన్నా రెండంగుళాల గొట్టం నోరు దాదాపు ఒకటిముప్పావు రెట్లు పెద్దది. ధరలో తేడా అంత ఉండదు. వాలు కూడా చూడాలి. 4 మీటర్ల పైపుకు 10 సెంటీమీటర్ల దింపు ఉంటే నీరు తనంతట తాను మెతుకులను ఈడ్చుకుపోతుంది. పొలానికి కాలువ తీసిన రైతుకు ఈ లెక్క వేరే నేర్పనక్కరలేదు.

వంపులో నిలిచే నీరు

ట్రాపు వంపులో ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి ఉంటుంది. తెలియనివారు దాన్ని లోపం అనుకుంటారు. నిజానికి అదే కాపలాదారు. రెండంగుళాల ఎత్తున నిలిచే ఆ నీటి తెర మోరీలోని విషవాయువును వంటగదిలోకి రానివ్వదు. వంపు గొట్టం తీసేసి తిన్న గొట్టం పెడితే నీరు జోరుగా పోతుందని కొందరు సలహా ఇస్తారు. పోతుంది. దాంతో పాటు మోరీ మొత్తం లోపలికి వస్తుంది. అలాగే చేతులు కడిగే బేసిన్లకు వాడే 'బాటిల్ ట్రాపు' వంటశాలకు పనికిరాదు. అది సీసాలా ఉండి అడుగున మెతుకులను దాచుకుంటుంది.

ఆ మోరీ వాయువు సంగతి తేలికగా తీసుకునేది కాదు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్. తక్కువగా ఉన్నప్పుడు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పట్టడం మానేస్తుంది. మనిషి వాసన పోయిందనుకుంటాడు. రెండు ఊపిర్లలో కూలిపోతాడు. మ్యాన్‌హోల్‌లోకి ఒకరు దిగి పడిపోవడం, కాపాడబోయి రెండోవారు, మూడోవారు అలాగే పోవడం అనే వార్త దేశంలో ఏదో ఒక నగరం నుంచి వస్తూనే ఉంటుంది.

సింకు తూముకూ, మ్యాన్‌హోల్ మరణానికీ ఏమిటి సంబంధం అనిపించవచ్చు. ఉంది. విరిగిన జాలీ, ట్రాపు లేని పైపు గుండా పోయిన నూనె, డాల్డా, మాంసపు కొవ్వు వేడిగా ఉన్నంత సేపు నీళ్లలా పారుతాయి. రోడ్డు కింది చల్లని పైపు చేరగానే పేరుకుంటాయి. సబ్బు, సిమెంటు పైపులోని సున్నంతో కలిసి రాయిలా గట్టిపడతాయి. లండన్ నగరంలోని వైట్‌చాపెల్ ప్రాంతంలో 2017లో ఇలాంటి కొవ్వు కొండ ఒకటి బయటపడింది. పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. దాన్ని తొలగించడానికి వారాలు పట్టింది. హోటళ్ల వీధుల్లో వానాకాలం వస్తే మ్యాన్‌హోళ్లు పొంగేది ఊరికే కాదు.

హైదరాబాదుకు భూగర్భ మురుగు కాలువలు నిన్నా మొన్నా వచ్చినవి కావు. 1908 మూసీ వరద ఊరిని ముంచాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించారు. వరద ఆపే జలాశయాలతో పాటు మురుగు కాలువలకూ ఆయన పథకం వేశారు. ఇప్పుడు ఈ పనంతా 1989లో చట్టం ద్వారా ఏర్పడిన జలమండలి చూస్తున్నది. యూనివర్శిటీకి దక్షిణాన అంబర్‌పేటలో ఉన్న శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 339 మిలియన్ లీటర్లు. ఎంత పెద్ద కేంద్రమైనా దాని దాకా నీరు చేరితేనే కదా పని. దారిలో కొవ్వు అడ్డుపడితే ఎవరో ఒకరు తీయాలి.

ఎవరు తీయాలి అన్న ప్రశ్నకు చట్టం స్పష్టంగా జవాబు చెప్పింది. 2013 నాటి పారిశుధ్య కార్మికుల చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు గుంతలోకి దింపడం నేరం. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ పోరాటాన్ని దశాబ్దాలుగా నడిపిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో పుట్టిన తెలుగువాడు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. హైదరాబాదు జలమండలి 2017లో ఇరుకు సందుల్లోకి పోగలిగే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించింది. రోడ్డు మీద మ్యాన్‌హోల్ పొంగితే 155313కు ఫోను చేయవచ్చు. వంద, రెండు వందలు చేతిలో పెట్టి అడ్డా మీద కూలీని దింపే పద్ధతి మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. ఆ కూలీ కూడా ఏదో ఒక పల్లె నుంచి వచ్చినవాడే అయి ఉంటాడు.

మీగడ తీసినట్టు

అందుకే సింకుకూ మోరీకీ నడుమ కొవ్వు తొట్టి ఉండాలంటారు. దాన్ని 'గ్రీజు ట్రాపు' అంటారు. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు. కాచిన పాలు చల్లారితే మీగడ పైకి తేలినట్టు, తొట్టిలో నీరు కాసేపు నెమ్మదిస్తే నూనె పైకి వస్తుంది, మెతుకులు అడుగుకు దిగుతాయి. నడుమనున్న నీరు అడ్డుగోడ కింద నుంచి బయటికి పోతుంది. పైనున్న జిడ్డు, కిందున్న మడ్డి కలిసి తొట్టిలో పావు వంతుకు చేరేసరికి తీసేయాలి. తీయకుండా వదిలేసిన తొట్టి ఉన్నా లేనట్టే. తీసిన జిడ్డును రాత్రి పూట మళ్లీ అదే మోరీలో పోసే ఘనులూ ఉన్నారు.

మరిగించిన నూనెకు ఇప్పుడు వేరే దారి ఉంది. దాన్ని సేకరించి డీజిలుగా మార్చే కార్యక్రమాన్ని కేంద్ర ఆహార భద్రత సంస్థ 2018లో ప్రారంభించింది. ఒకే నూనెను మళ్లీ మళ్లీ కాచకుండా అదే ఏడాది పరిమితి కూడా పెట్టింది. తార్నాకలోనే ఉన్న ఐ.ఐ.సి.టి. పరిశోధన సంస్థలో నూనెలు, కొవ్వుల మీద ఏళ్ల తరబడి పరిశోధన జరుగుతున్నది. ఈ సంస్థ రూపొందించిన పద్ధతిలోనే బోయినపల్లి కూరగాయల మార్కెటులో కుళ్లిన కూరగాయల నుంచి గ్యాసు, కరెంటు తీస్తున్నారు. రోజుకు 10 టన్నుల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు వస్తుందని 2021 జనవరిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో చెప్పారు. మెతుకులు, తొక్కలు సింకులో పోకుండా విడిగా పోగుచేస్తే వాటికీ విలువ ఉందన్నమాట.

ఈ మాటకు పల్లె జనం నవ్వుకోవచ్చు. మన ఇళ్లలో కుడితి గోళెం ఎందుకు ఉండేది? గంజి, కడుగునీళ్లు, కూరగాయల తొక్కలు అన్నీ అందులో పడేవి. సాయంత్రానికి బర్రె తాగేసేది. మోరీలోకి పోయేది బూడిదతో తోమిన ఉత్త నీళ్లే. అప్పుడు సింకూ లేదు, కప్లింగూ లేదు, గ్రీజు ట్రాపూ లేదు.

ఊళ్లోనూ సింకులే

ఇప్పుడు ఆ మాట అనడానికి లేదు. మండల కేంద్రాల్లో ఫంక్షను హాళ్లు వెలిశాయి. గురుకులాలు, కస్తూర్బా పాఠశాలల్లో వందలాది పిల్లలకు మూడు పూటలా వండుతున్నారు. హైవే మీద దాబాలు చెప్పనక్కరలేదు. అన్నిటా సింకులే. పట్నంలో మురుగు కాలువ ఉంది గనుక తప్పు రోడ్డు మీద తేలుతుంది. పల్లెలో ఆ కాలువ కూడా లేదు. సింకు నీరు ఇంకుడు గుంతకో, వెనక పెరట్లోకో పోతుంది. జిడ్డు నీరు ఇంకుడు గుంతలో పడితే ఇసుక, మట్టి సందులు నూనెతో మూసుకుపోతాయి. ఏడాది తిరగకముందే గుంత నీరు తాగడం మానేస్తుంది. ఆ మడుగులో దోమలు. పక్కన బోరు ఉంటే ఇంకో భయం. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఇదే.

గురుకులంలో పిల్లలను చూడడానికి వెళ్లిన తల్లిదండ్రులు తరగతి గది, మంచాలు, మరుగుదొడ్లు చూసి వస్తారు. ఈసారి గిన్నెలు కడిగే చోటుకు కూడా ఒకసారి వెళ్లవచ్చు. జాలీ ఉందా, ఊగుతోందా? సింకు కింద నేల పొడిగా ఉందా? పైపు తిన్నగా ఉందా, వంపు ఉందా? నీరు వదిలితే గుడగుడ చప్పుడు చేస్తూ పోతున్నదా, నిలిచిపోతున్నదా? అడగడానికి ఇంజనీరు కానక్కరలేదు. పేరెంట్స్ సమావేశంలో ఒక్కరు అడిగితే రాతపూర్వకంగా నమోదవుతుంది. మరమ్మతుకు డబ్బు లేదన్న జవాబు వచ్చినా, జాలీకి సరిపడా డబ్బు లేని బడి ఏదీ ఉండదు.

సెలవులు ఇచ్చే ముందు వంటశాల మూసేవారు ఒక పని చేయాలి. నెల రోజులు వాడకపోతే ట్రాపు వంపులోని నీరు ఎండిపోతుంది. తెర తొలగిపోయి బొద్దింకలు, వాసన దర్జాగా లోపలికి వస్తాయి. కాబట్టి తాళం వేసే రోజున ప్రతి సింకులో, నేల మీది ప్రతి నహానీ ట్రాపులో బకెట్టు చొప్పున మంచినీళ్లు పోసి, జాలీల మీద మందపాటి ప్లాస్టిక్ కాగితం పరిచి అంచుల మీద బరువు పెట్టాలి. వాచ్‌మన్‌కు చెప్పి పదిహేను రోజులకొకసారి మళ్లీ నీళ్లు పోయించాలి. సింకు కింద ఉండే ఆ పాత బకెట్టు ఇందుకు పనికి వస్తుంది.